పెట్టెకు పెదవులుండవు

పొద్దున పదిన్నరకు ఇమాస్ మూడో మగ్గం మీద పడుగు తెగింది. ఒకటీ రెండూ కాదు, పదకొండు పోగులు. ఆమె చూసుకునేవి నాలుగు మగ్గాలు. ఒకటి ఆగిందని మిగతా మూడూ ఆగవు. వాటి నాడెలు అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటాయి, కండెలు అయిపోతూనే ఉంటాయి. వంగి తెగిన పోగులు ముడేస్తూనే వాటి మీద ఒక కన్ను వేసి ఉంచాలి. నేసిన మీటరుకే కూలి. ఆగిన మగ్గానికి ఏమీ లేదు.

ఎవరో భుజం తట్టారు. షెడ్డులో పిలుపంటే అదే. తలెత్తితే మేస్త్రీ నినింగ్ నిలబడి ఉంది. ఆమె పెదవులు కదిలాయి.

"చెవుల పరీక్షకి తర్వాతి పదిమందిలో నీ పేరుంది. భోజనాల హాలుకి రా."

"పడుగు తెగిందక్కా. ముడేసి వస్తా."

"నీ మగ్గం నడిచి ఎక్కడికీ పోదులే. మేనేజరు గునావన్ గారు పేర్లు రాసుకుని కూచున్నాడు. పద."

ఈ మాటలేవీ గొంతులోంచి రాలేదు. ఆ షెడ్డులో గొంతుతో మాట్లాడేవాళ్ళు లేరు. కొత్తగా చేరిన పిల్లలు మొదటి నెల అరుస్తారు. గొంతు బొంగురుపోయాక మానేసి పక్కవాళ్ళ నోళ్ళ వంక చూడడం మొదలుపెడతారు. రెండో ఏటికల్లా నాలుగు వరసల అవతలున్న మనిషితో చేపల పులుసు దగ్గర్నుంచి అత్తగారి మీద చాడీల దాకా అన్నీ నడుస్తాయి. నూట ఇరవై మగ్గాల మధ్య చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేని కబుర్లు. ఇమాస్ వచ్చిన కొత్తలో ఈ విద్య ఆమెకు నేర్పింది పక్క మగ్గాల ఎంతిన్. తప్పు చదివినప్పుడల్లా కండె తీసుకుని మోచేతి మీద ఒకటి తగిలించేది.

ఇమాస్ చేతులు తుడుచుకుని బయలుదేరుతుంటే మూడో వరసలోంచి చుచు కూడా వచ్చి కలిసింది. ఆమె పేరు కూడా ఈ పదిమందిలోనే ఉంది.

"పదవే పాముచెవులదానా! పోయినేడు నీకు పదికి పదంట కదా?"

"నీక్కూడా పదేగా."

"నాకూ పదే. మా ఆయన పక్క గదిలోంచి పిలిస్తే మాత్రం వినపడి చావదు. పరీక్షలో పదికి పది!" చుచు భుజాలు కదిలేలా నవ్వింది.

ఇమాస్ నవ్వలేదు. నవ్వకూడదని కాదు. పొద్దుటినుంచి ఆమె ముఖంలో ఏదీ కదలడం లేదు. నిద్రలేచి ముఖం కడుక్కుంటుంటే చెక్కను కడుగుతున్నట్టు అనిపించింది.

భోజనాల హాలు బయట వరండాలో బెంచీలు వేశారు. పదిమందీ వరసగా కూచున్నారు. హాలుకు నడుము ఎత్తు గోడ, ఆపైన అద్దాలు. లోపల పరీక్ష కనపడుతూనే ఉంది.

చెవుల పరీక్ష ఏడాదికోసారి చేయించి తీరాలని ప్రభుత్వం వాళ్ళు చెప్పాక మొదలైంది ఇది. మొదటి ఏడు పట్నం నుంచి ఒక పెట్టె వచ్చింది. దాంట్లోంచి మగ్గాల చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు మధ్యలోంచే ఎవరో మనిషి ఒక్కో వాక్యం చెబుతాడు. విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. చప్పుడు లేనప్పుడు ఎంత వినపడుతుందన్నది కాదు, చప్పుడులో మాట ఎంత అందుతుందన్నది చూస్తారు. అందరికంటే పెద్దదని ముందు ఎంతిన్‌ని పంపారు. పెట్టెకు పెదవులుండవు. ఎంతిన్ దాని వంకే చూస్తూ కూచుంది, నాలుగు పక్కలా తిప్పి చూసింది, వెనక్కి వెళ్ళి కూడా చూసింది. పదికి ఒక్కటి చెప్పింది, అది కూడా ఊహించి చెప్పింది.

చెవులు పనికిరావని ఆమెను పేలికలు ఏరే గదికి మార్చారు. మగ్గాల మీద వారానికి ఆరు లక్షల రూపియా దాకా వచ్చేది, అక్కడ రోజుకు యాభైవేలు. కిలో బియ్యం పద్నాలుగు వేలు పెట్టి కొనే ఊళ్ళో. నాలుగు నెలలు చేసింది. ఒప్పందం అయిపోయాక ఇక రావద్దన్నారు.

ఎంతిన్ తర్వాత పెట్టె ముందు కూచోవడానికి ఎవరూ రాలేదు. ఆ ఏడు పరీక్ష అక్కడితో ఆగిపోయింది. మరుసటేడు గునావన్ గారు నవ్వుతూ షెడ్డులోకి వచ్చి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు: పెట్టెలో మాట మీకు రాని యాస, అది అన్యాయం, ఈసారి పెట్టెలోంచి చప్పుడే వస్తుంది, మాటలు మన యాసలో మన నినింగే చదువుతుంది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నినింగ్ ఎదురుగా నిలబడి, పసిపిల్లకు అన్నం తినమని చెప్పినట్టు నోరు విప్పి విప్పి చదివింది. ఎనభై ఆరుమందీ పాసయ్యారు. ఆ రోజు నినింగ్‌కి అందరూ కలిసి ఒక పూల అద్దకపు చీటీగుడ్డ కొనిపెట్టారు.

నిన్న సాయంత్రం ఎంతిన్ ఇమాస్ ఇంటికి వచ్చింది. కాలువ అవతల ఉంటుంది ఆమె. ఇప్పుడు ఇంటి ముందు బాణలి పెట్టుకుని సోయా గింజలు పులియబెట్టి చేసే తెంపే ముక్కలు వేయించి అమ్ముతోంది. వంటింటి గడప మీద ఇద్దరూ ఎదురెదురుగా కూచున్నారు.

"బేరం ఎట్టా ఉందక్కా?"

"ఏముంది. మోటార్ సైకిలు దిగరు, హెల్మెట్ తియ్యరు. ఐదంటాడో పదంటాడో నాకేం తెలుస్తది? పది కడితే ఐదే అడిగానని విసిరేసి పోతాడు. చల్లారినయ్యి నేనే తింటన్నా. చూడు ఎట్టా ఊరానో."

ఇమాస్ ఇంట్లోనే ఉండే ఆడపడుచు కుంటి కాలు ఈడ్చుకుంటూ వచ్చి వాళ్ళ పక్కగా నిలబడి ఏదో అంది. ఇద్దరూ కదలకపోయేసరికి వాళ్ళ మధ్యలోకి వచ్చి మళ్ళీ అంది.

"ఏంటి వదినా ఈ మూగ కబుర్లు? ఇంట్లో దెయ్యాలు కూచున్నట్టుంది. గొంతులు ఎవరికన్నా అరువిచ్చారా?"

"నీ గురించే చెప్పుకుంటన్నాంలే," అంది ఎంతిన్. "అందుకని మెల్లగా."

ఆడపడుచు మూతి తిప్పుకుని వెళ్ళింది. ఎంతిన్ సంచిలోంచి మడత పెట్టిన ఉత్తరం తీసింది. కార్మిక శాఖలో ఆమె అర్జీ పెట్టుకుంది. చెవులు మగ్గాల వల్లే పోయాయి, చెవి మిషన్లూ పరిహారమూ ఇప్పించండని. ఉత్తరం దానికి మిల్లు వాళ్ళ జవాబు. ఇమాస్ వేలు పెట్టి ఒక్కో వరసా చదువుకుంది. అదే షెడ్డులో అవే మగ్గాల దగ్గర పనిచేస్తున్న ఎనభై ఆరుమందికీ చప్పుడులో మాట వినే పరీక్ష చేయించాం, అందరి చెవులూ చక్కగా ఉన్నాయి, అందుచేత ఈమె చెవుడు మా మగ్గాల వల్ల వచ్చింది కాదు, వయసు వల్లనో పుట్టుకతోనో వచ్చి ఉండాలి, అని ఉంది.

"పుట్టుకతోనంట!" ఎంతిన్ నవ్వింది. "మా అమ్మ ఉంటే వాణ్ణి గరిటె తిరగేసి కొట్టేది."

ఇమాస్ ఉత్తరం మడిచి ఇచ్చేసింది.

"రేపేగా పరీక్ష?"

"రేపే."

"నినింగే చదువుద్దా?"

"ఆమే."

ఎంతిన్ ఇంకేమీ అడగలేదు. అడుగుతుందని ఇమాస్ అనుకుంది. ఇరవై రెండేళ్ళు మోచేతికి మోచేయి తగిలేలా పనిచేసిన మనిషి, రేపు నిజం చెప్పమని ఒక్క మాట అడగవచ్చు. అడిగితే కాదనడానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంది: ఆడపడుచు కాలు, ఇంటి అద్దె, సంపాదించేది నేనొక్కదాన్నే కదక్కా. ఎంతిన్ టీ తాగి గ్లాసు కడిగి బోర్లించి లేచింది. వీపు తిప్పుకుని వెళ్ళిపోయింది.

వాళ్ళలాంటి వాళ్ళకు వీడ్కోలంటే వీపు తిప్పడమే. వెనకనుంచి పిలిచి ఇంకొక్క మాట చెప్పడానికి ఉండదు. ఇమాస్ నోట్లో ఏదో మాట కదిలింది. ఎంతిన్ అప్పటికే కాలువ మీది వంతెన దాటుతోంది.

వరండాలో బెంచీ మీద కూచుని ఇమాస్ ఆ వీపే చూస్తోంది. తన మొగుడు తాతాంగ్ కూడా గుర్తొచ్చాడు. గుర్తు రావడం కూడా కాదు, ఆయన ఎప్పుడూ ఆ దాపునే ఉంటాడు. ఆ జబ్బు రోజుల్లో లోకమంతా మూతులకు గుడ్డలు కట్టుకుంది. షెడ్డు ఆడవాళ్ళకు తమ చెవుల సంగతి తెలిసింది అప్పుడే. సంతలో, బస్సులో, మందుల దుకాణంలో ఒక్క ముక్క అందలేదు. ఎదుటివాళ్ళు గొణుగుతున్నారనుకుని విసుక్కున్నారు. ఆ తర్వాత విసుక్కోవడం మానేశారు. తాతాంగ్‌ని ఆసుపత్రిలో పడుకోబెట్టి ముక్కూ నోరూ కప్పి గాలి గొట్టం పెట్టారు. చివరి రోజు ఆయన ఆమె వంక చూసి ఏదో చెప్పాడు. గాలి తొడుగు లోపల ఆవిరి పట్టింది. మళ్ళీ చెప్పాడు. మూడోసారి కూడా చెప్పాడు. ఆమె తల ఊపి "సరే" అంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. దేనికి సరే అందో ఆమెకు ఇవాళ్టికీ తెలియదు. ఆయన తరఫు వాళ్ళు ఏం చెప్పి పోయాడని అడిగితే, అందరినీ జాగ్రత్తగా చూసుకోమన్నాడని చెప్పింది. ఆడపడుచుకు ఆ మాటే ఆధారం.

అద్దాల అవతల లోపలికి వెళ్ళిన మనిషి కుర్చీలోంచి లేచింది. పరీక్ష చేసే అమ్మాయి హెస్తి కాగితం మీద రాస్తూ రాస్తూ ఆగింది. ఇరవై ఐదేళ్ళుంటాయి. పోయినేడు వచ్చింది ఈమె కాదు. కలం కింద పెట్టి గునావన్ దగ్గరికి వెళ్ళింది. చప్పుడు పెట్టె మోగుతూనే ఉన్నట్టుంది, అద్దాలు సన్నగా అదురుతున్నాయి. ఇద్దరూ గోడ వారగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. అంత చప్పుడులో ఎవరికీ వినపడదని వాళ్ళ ధీమా.

నినింగ్ వాళ్ళకు వీపు పెట్టి వాక్యాల చీటీలు సర్దుకుంటోంది. బెంచీ మీద మిగిలిన తొమ్మిదిమందీ లోపలికే చూస్తున్నారు.

"సార్, నేను చప్పుడు పెంచాను," అంటోంది హెస్తి. "మీ మేస్త్రీ పక్కనే నిలబడ్డ నాకే ఆవిడ మాట వినపళ్ళేదు. వీళ్ళకెట్లా వినపడుతోంది?"

"అలవాటమ్మా. ఈ చప్పుడులోనే పెరిగినోళ్ళు."

"చెవులకు అలవాటు ఉండదు సార్. ఆవిడ మూతికి ఒక కాగితం అడ్డం పెట్టి చదివిద్దాం. ఒక్కరికే. చూద్దాం."

"చూడమ్మాయ్, నిన్ను పిలిపించింది వాళ్ళను పరీక్ష చెయ్యడానికి, నన్ను కాదు." గునావన్ నవ్వుతూనే అన్నాడు. "సోమవారం ఆ ఎంతిన్ వాయిదా. ఎనభై ఆరుకు ఎనభై ఆరూ బాగున్నాయని ఈ ఏడు కాగితం కూడా పడిందనుకో, ముసల్ది నోరు మూసుకుని ఇంటికి పోద్ది. వచ్చే ఏడు ఈ పని మీ వాళ్ళకే కావాలా, వేరేవాళ్ళను చూసుకోమంటావా?"

హెస్తి తల వంచింది. ఇక ఆమె పెదవులు కనపడలేదు. బల్ల దగ్గరికి వచ్చి కలం తీసుకుంది.

బెంచీ మీద ఎవరూ కదలలేదు. తొమ్మిదిమందీ ప్రతి మాటా చదివారు. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకోలేదు. చివరున్న మనిషి తలగుడ్డ సర్దుకుంది. ఒకామె గోళ్ళలోంచి నూలు పీచు లాక్కుంటోంది.

చుచు ఇమాస్ గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంది.

"నువ్వేం చూళ్ళేదు. నేనేం చూళ్ళేదు. సరేనా?"

ఇమాస్ ఆమె కళ్ళలోకి చూసింది.

"ఏంటే అట్టా చూస్తావ్? నీ ఒక్కదాని వల్ల ఏం మారద్ది? ఎనభై ఐదు ఒకవైపు, నువ్వొకవైపు. నీ చెవులూ పుట్టుకతోనే పోయినయ్యంటాడు వాడు. ఆ తర్వాత నువ్వూ ఎంతినూ కాలువకి చెరో పక్కా తెంపే అమ్ముకోండి."

"ఎంతినక్క నాకు తెంపే వేయించడం కూడా నేర్పుద్దేమోలే," అంది ఇమాస్. ఎందుకందో ఆమెకే తెలియలేదు.

"ఓర్నీ, దీనికి పిచ్చెక్కింది," అంది చుచు. కానీ గడ్డం మీది చెయ్యి తియ్యలేదు.

లోపలినుంచి నినింగ్ వేలు చూపించింది. ఇమాస్ వంతు.

కుర్చీ చల్లగా ఉంది. వెనక బల్ల మీద చప్పుడు పెట్టె. ఎదురుగా మూడడుగుల్లో నినింగ్. పక్కగా కాగితాల ముందు హెస్తి. తలుపు దగ్గర గునావన్ చేతులు కట్టుకుని, పెళ్ళికి వచ్చినవాళ్ళను పలకరించినట్టు తల ఊపాడు. హెస్తి ఏదో మీట తిప్పింది. కుర్చీ కోళ్ళలోంచి చప్పుడు పాదాల్లోకి పాకింది.

"నా వంకే చూడు," అంది నినింగ్ పెదవులతో. "బెదరకు. ఇందాక వచ్చిన రోజాలా తడబడకు. మీ పొయ్యిలు ఆరిపోకూడదనే నేను ఇట్టా నిలబడ్డది."

అది నిజమేనని ఇమాస్‌కు తెలుసు. నినింగ్ చెడ్డది కాదు. రెండు గంటలుగా నిలబడే ఉంది, పొద్దున టీ కూడా తాగి ఉండదు.

"సంతలో చేపల ధర పెరిగింది," అని చదివింది నినింగ్.

"సంతలో చేపల ధర పెరిగింది," అంది ఇమాస్. తన మాట ఆమెకు గొంతులో అదురుగా మాత్రమే తెలిసింది.

"మా చెల్లెలు చొక్కాకి గుండీలు కుట్టింది."

చెప్పింది.

"వాన వస్తే ఇంటి ముందు కాలువ పొంగుద్ది."

అది కూడా చెప్పింది. హెస్తి కలం కదులుతోంది. ఒక్కోసారీ ఒక చిన్న గీత. ఆ గీతలన్నీ కలిపి సోమవారం ఎంతిన్ ముందు పెడతారు. చూడమ్మా, నీ పక్క మగ్గాల ఇమాస్‌కు కూడా అన్నీ వినపడ్డాయి అంటారు. ఎంతిన్ ఆ కాగితం చదువుతుంది. బాగా చదువుతుంది ఆమె. ఏమీ అనదు. నిన్న అనలేదు, రేపూ అనదు.

ఇమాస్ చూపు నేల మీదికి దించింది. నాలుగో వాక్యం అలా పోతుందనుకుంది. నినింగ్ బల్ల మీద వేళ్ళతో కొట్టింది. ఆ అదురు అందగానే కళ్ళు వాటంతట అవే లేచాయి. ఇరవై నాలుగేళ్ళుగా అంతే. అదురు తెలిసినప్పుడు తలెత్తకపోతే వేళ్ళు నాడె కింద ఉంటాయి. నాలుగో వాక్యం చదివేసింది, చెప్పేసింది కూడా. ఐదోది కూడా. నోరు ఆమె మాట వినడం లేదు.

తప్పు చెబితేనో? చేపలు అన్నప్పుడు కోళ్ళు అంటేనో? అనవచ్చు. కానీ చేపలు అని చదివి కోళ్ళు అని చెప్పడం ఇంకో అబద్ధం. గునావన్ పట్టేస్తాడు. పట్టకపోయినా తనకు తెలుస్తుంది. ఇక్కడ నిజంగా ఏం వినపడుతుందో ఈ షెడ్డులో ఎవరూ ఒక్కసారి కూడా చెప్పలేదు. తనైనా అసలు ఎప్పుడు విన్నదని? కళ్ళు తెరిచి ఉన్నంతసేపు ఆ సంగతి తనకూ తెలియదు.

నినింగ్ ఆరో చీటీ తీసింది. ఊపిరి పీల్చుకుని నోరు తెరవబోయింది.

ఇమాస్ కళ్ళు మూసుకుంది.

చీకటి. అందులో ఒకటే మోత. అటూ ఇటూ, అటూ ఇటూ, కడుపులో, పళ్ళలో. అందులో ఎక్కడో నినింగ్ చదువుతూ ఉండాలి. ఇమాస్ వెతికింది. నిజంగా వెతికింది, బురదనీళ్ళలో ఉంగరం జారితే చేత్తో దేవినట్టు. మోత మధ్యలో ఒకచోట కొంచెం పల్చబడినట్టుంది. అది మాటో, ఊహో. చదవడం అయిపోయిందో, ఇంకా మొదలుపెట్టలేదో.

బల్ల మీద కొట్టారు. కనురెప్పలు కొట్టుకున్నాయి. ఆమె గట్టిగా బిగించింది. మళ్ళీ కొట్టారు, ఈసారి అరచేత్తో. తలుపు వైపునుంచి అడుగులు, బరువైనవి, నేల చెబుతోంది. భుజం మీద ఒక చెయ్యి పడింది. అది నినింగ్‌ది కాదు. ఆమె రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుంది. చెయ్యి ఊపింది, లేపబోయింది. ఆమె లేవలేదు.

"వినపళ్ళేదు," అంది ఇమాస్.

అది గొంతులోంచి బయటికి వచ్చిందో, షెడ్డు అలవాటున ఉత్త పెదవులే కదిలాయో ఆమెకు తెలియలేదు. అందుకని మళ్ళీ అంది.